మా గల్లీలో మూడుసార్లు పడే వికెట్

పెళ్లయి సూర్యాపేటకు వచ్చిన మొదటి వారంలోనే నా మీద ఒక ముద్ర పడింది. ముందుగదిలో మామయ్య టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. కొత్త కోడలిని కదా, కుచ్చిళ్లు ఒక చేత్తో, టీ కప్పు ఇంకో చేత్తో పట్టుకుని వెళ్లాను. గడప దాటానో లేదో మనవాళ్ల వికెట్ పడింది. కాసేపాగి ఖాళీ కప్పు తీసుకుపోదామని మళ్లీ వెళ్లాను. ఇంకోటి పడింది. మామయ్య నావైపు ఒకసారి, టీవీ వైపు ఒకసారి చూశాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టడమే ఆయన పని. "బిడ్డా, నువ్వు జర వంటింట్లనే ఉండు," అన్నాడు, ఎంతో మర్యాదగా.

అలా నేను ఐరన్ లెగ్ అయ్యాను.

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. ఎక్కడో దేశంకాని దేశంలో వాళ్లు ఆడలేకపోతే, సూర్యాపేటలో మద్దెల నేను. కడుపు మండిపోయేది. ఎందుకంటే నాకు క్రికెట్ అంటే ప్రాణం. కోదాడలో మా నాన్న పక్కన చాప మీద కూర్చుని మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా కదలకుండా చూసినదాన్ని. ఫీల్డర్ ఎక్కడ నిలబడాలో మామయ్య కంటే నాకే బాగా తెలుసు. అలాంటిదాన్ని, ఉల్లిపాయలు తరుగుతూ అరుపుల్ని బట్టి స్కోరు ఊహించుకోవాల్సి వచ్చింది. తలుపు సందులోంచి చూస్తానంటే, "సందుల్నుంచి సూసినా సూసినట్టే లెక్క," అని తీర్పు చెప్పాడు.

మనవాళ్లు బౌలింగ్ చేసేటప్పుడు మాత్రం నా దశ తిరిగేది. అవతలివాడు పాతుకుపోతే చాలు, ముందుగదిలోంచి కేక వినిపించేది. "బిడ్డా, జర ఇటు రా! వీడు పోతలేడు!" బియ్యం కడిగే చేతులతోనే పరుగెత్తేదాన్ని. వికెట్ పడితే నా అంత కోడలు జిల్లాలోనే లేదు. పడకపోతే, "నువ్వు మనసు పెట్టి రాలే," అనేవాడు.

అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయింది. మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తాడు, క్రికెట్ అంటే ఆయనకు చెవులకు పట్టిన హోరు మాత్రమే. ఆయనతో మొరపెట్టుకుంటే నవ్వి ఊరుకునేవాడు. తర్వాత మాకు అమ్మాయి పుట్టింది. అది తాత ఒళ్లో కూర్చుని దర్జాగా మ్యాచులు చూసింది, దానికి ఏ దోషమూ అంటలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సొంత కూతురి మీద అసూయ పడ్డ తల్లిని నేనే అయి ఉంటాను.

అలాగని మామయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తేలికగా ఉండేది, నాలుగు దులిపి వదిలేసేదాన్ని. మ్యాచ్ అయిపోగానే వంటింట్లోకి వచ్చేవాడు. నేను అన్నం తింటుంటే ఎదురుగా పీట వేసుకుని, టాస్ దగ్గర్నుంచి మొత్తం మ్యాచ్ చెప్పేవాడు. నేను చూడలేకపోయానని ఆయనకు బాధగా ఉండేది. తను వంటింట్లోకి రావడం మానిందీ లేదు, నన్ను వంటింట్లోంచి రానిచ్చిందీ లేదు. అంతా వినే ఉన్నా, కొత్తగా వింటున్నట్టు "అయ్యో, తర్వాత?" అనేదాన్ని. చెప్పిందే చెప్పి ఆయన మురిసిపోతుంటే నా కోపం పప్పుచారులో కలిసిపోయేది.

అదంతా కేబుల్ కాలం. అప్పుడు వికెట్ పడితే గల్లీ గల్లీ ఒక్కసారే అరిచేది. అందరికీ ఒకటే తీగ, స్తంభం నుంచి మేడ మీదికి, ఈ మేడ నుంచి ఆ మేడ మీదికి. మామయ్యకు చానెళ్ల నంబర్లు నోటికొచ్చు. చీకట్లోనైనా రిమోట్ నొక్కి మ్యాచ్ పెట్టగలడు. ఎవరి సాయమూ అక్కర్లేదు, ముఖ్యంగా నా సాయం.

ఒకరోజు కేబులాయన తనే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి, కాసేపు ఎండల గురించి మాట్లాడి, అసలు సంగతి చెప్పాడు. "పెద్దాయనా, ఈ లైన్ల ఇగ మీ ఇల్లొక్కటే మిగిలింది. అందరు ఇంటర్నెట్టుకు పోయిన్రు. నేను గూడ నెట్టే ఏస్తున్న. మీకు గూడ నేనే ఏస్త, పరేషాన్ గాకున్రి."

"మరి నా మ్యాచ్?" అన్నాడు మామయ్య.

"అన్ని అండ్లనే వస్తయి."

పాత నల్ల తీగను విప్పుకుపోయే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. అది మేడ మీద అలాగే ఉంది, నా బడి చీరలు దాని మీదే ఆరేస్తున్నాను. మునగాలలో నేను పాఠాలు చెప్పే బడిలోనూ ఇదే వరస. స్టాఫ్ రూంలో మాస్టర్లంతా పక్కపక్కనే కూర్చుని ఎవరి ఫోన్లో వాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్ పుల్లలు పెట్టుకుని చూస్తారు. హైవే మీద దాబాల్లో ఒకప్పుడు ఒక్క టీవీ కింద లారీ డ్రైవర్లు గుంపుగా నిలబడేవాళ్లు. ఇప్పుడు రొట్టె పక్కన ఫోన్, ఎవరి మ్యాచ్ వాళ్లది. రేపు ఇంకేం వస్తుందో తెలియదు కానీ, గుంపుగా నిలబడే రోజులు మాత్రం రావనిపిస్తుంది.

ఇక మా ఇంట్లో కొత్త టీవీ, కొత్త నెట్టు, కొత్త యాప్ వచ్చాయి. మొదటి ఆదివారం మామయ్య స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. టీవీ ఓటీపీ అడిగింది. ఆ అంకెలు మా ఆయన ఫోన్‌కు పోయాయి. సీజన్ కదా, ఆదివారమైనా ఆయన మిర్యాలగూడ మిల్లులోనే ఉన్నాడు. ఆ మోతలో ఫోన్ వినపడదు. నేను చేస్తూనే ఉన్నాను, మామయ్య "ఎత్తిండా? ఎత్తిండా?" అంటూనే ఉన్నాడు. చివరికి ఆ అంకెలు వచ్చి తెర వెలిగేసరికి మనవాళ్లు అప్పటికే బ్యాటింగ్ మొదలుపెట్టేశారు.

అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. యాప్ తెరవాలంటే నేను రావాలి. బొమ్మ ఆగిపోయి మధ్యలో సున్నా తిరుగుతుంటే నేను రావాలి. నేను వస్తే వికెట్ పడుతుంది. మామయ్య బాగా ఆలోచించి దారి కనిపెట్టాడు. "రా గని, తెర దిక్కు సూడకుంట నొక్కు."

"చూడకుండా నొక్కడానికి నేనేమైనా హార్మోనియం వాయిస్తున్నానా మామయ్యా?" అన్నాను.

"మీ కోదాడోళ్లకు మాటలు శాన వస్తయి," అన్నాడు, ఆ తిట్టులో ముద్దు కూడా ఉంది.

ఆ ఆదివారమే అది జరిగింది. సున్నా తిరగడం మొదలైతే నన్ను పిలిచాడు. నేను వెళ్లి నొక్కాను, బొమ్మ కదిలింది. బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుకుంటున్నాడు. ఈలోపు ఎదురింట్లోంచి "అయ్యయ్యో!" అని పెద్ద కేక. వాళ్లది ఇంకా డిష్ గొడుగే. మామయ్య కిటికీ వైపు చూశాడు. తెర మీద బౌలర్ తాపీగా నడిచొచ్చి, పరుగెత్తి, బంతి వేశాడు. వికెట్లు ఎగిరిపోయాయి. ఇంకాసేపటికి మేడ మీద కిరాయికుండే నర్సమ్మ తన ఫోన్లో అదే చూసి "అయ్యో!" అంది. ఒక్క వికెట్టే మా గల్లీలో మూడుసార్లు పడింది.

మామయ్యలోని మెకానిక్ లేచి కూర్చున్నాడు. నన్ను బయటికి పొమ్మన్నాడు, లోపలికి రమ్మన్నాడు, గడప మీద నిలబడమన్నాడు. ఫోరైనా, అవుటైనా, ఎలా చేసినా ఎదురింటి కేకే ముందు. నెట్టు మీద వచ్చే మా టీవీ వెనక. మ్యాచ్ చివరికొచ్చేసరికి ఆయనకు లెక్క తేలిపోయింది.

"అంటే, నువ్వొచ్చేసరికే వాడు అవుటయ్యిండన్నట్టు."

"అవును మామయ్యా."

"నువ్వు రాకున్నా పోయెటోడే."

"పోయేవాడే."

ఆయన రిమోట్ పక్కన పెట్టాడు. తర్వాత, "ఊకెనే నిన్ను గాడ నిలవెట్టిన గదా బిడ్డా," అన్నాడు. లేచి వెళ్లి లోపలినుంచి ఇంకో కుర్చీ తెచ్చి తన పక్కన వేశాడు. ఎన్నేళ్ల కేసు! గెలిచాను. ఆ రాత్రి మా ఆయనకు ఫోన్ చేసి నన్ను నిర్దోషిగా విడుదల చేశారని చెప్పి పడీపడీ నవ్వాను.

ఆ తర్వాత మ్యాచులన్నీ ఆ కుర్చీలోనే చూశాను. కానీ పక్కన మామయ్య మునుపటి మామయ్య కాదు. అరవడం మానేశాడు. కాలు మీద కాలు వేస్తే ఫోర్లు పడతాయని అలాగే తిమ్మిరెక్కేదాకా కూర్చునే మనిషి, ఇప్పుడు ఎలా పడితే అలా కూర్చునేవాడు. చూపు తెర మీద ఉన్నా చెవి కిటికీ వైపే ఉండేది. ఎదురింట్లోంచి కేక రాగానే, "అయిపాయె," అనేవాడు చిన్నగా. ఒకసారి మంచి పట్టు మీద ఉన్న మ్యాచ్‌ను వదిలేసి లేచి మంచం మీద పడుకున్నాడు. ఏమైందని అడిగితే, "సద్దన్నం సూస్తున్నట్టున్నది బిడ్డా. ఆడ ఎప్పుడో అయిపాయె. ఇగ మనం ఈడ ఏం జేసినా ఏం లాభం?" అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆయన మ్యాచ్ చూడలేదు, ఆడాడు. తన కాలితో, తన కుర్చీతో, వంటింట్లో నిలబెట్టిన కోడలితో పదకొండు మందినీ కాపాడుకుంటూ వచ్చాడు. నాకు కుర్చీ దొరికింది కానీ, దాని కోసం ఆయన ఆట పోయింది. ఆ రోజు నా మీద నాకే చిరాకేసింది. డెబ్బై దాటిన మనిషికి మిగిలిన ఒక్క సరదా, నేను నిర్దోషినని తేలడంతో ఖతం అయిపోయింది.

తర్వాత ఆదివారం ఆయన వచ్చేలోపే ఎదురింటి వైపు కిటికీ మూసి గొళ్లెం పెట్టాను. కూలర్ ఆన్ చేశాను. అది మా ఆయన మిల్లులా మోగుతుంది, మేడ మీద నర్సమ్మ అరిచినా, గల్లీ అంతా అరిచినా వినపడదు. మామయ్య వచ్చి మూసిన కిటికీని చూశాడు. నన్ను చూశాడు. తన కుర్చీలో కూర్చున్నాడు.

కాసేపటికి బౌలర్ పరుగు మొదలుపెడితే ఆయన ముందుకు వంగాడు. కిటికీ చెప్పేదేమీ లేదు కాబట్టి ఏమవుతుందో ఆయనకూ తెలియదు. ఫోరు వెళ్లింది. "ఆఁ!" అని తొడ మీద చరుచుకున్నాడు. నెమ్మదిగా కాలు మీద కాలు వేశాడు. నా మనసు నిండిపోయింది. కేక వేయబోయి పెదాలు బిగపట్టుకున్నాను.

మనవాళ్లు ఛేజింగ్. బాగానే మొదలైంది కానీ, సగం దాటాక ఒక వికెట్ పడింది. వెంటనే ఇంకోటి. మామయ్య చూపు నావైపు జారి, తప్పు చేసినట్టు చటుక్కున తెర మీదికి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు తెలియనిదా? పెళ్లయిన మొదటి వారంలో చూసిన చూపే. కిటికీ మూసింది నేనే కాబట్టి మళ్లీ ముద్దాయిని కూడా నేనే. కోపం రాలేదు. ఇంకోటి పడకముందే లేచాను.

"యాడికి?" అన్నాడు.

"పొయ్యి మీద పాలున్నాయి మామయ్యా."

"పాలు పొద్దుగాలనే తోడేసినవ్."

ఆయన భాషలోనే అన్నాను. "నేనుంటే వికెట్ పడ్తది."

ఆయన తెర మీదినుంచి చూపు తిప్పలేదు. రెండు చేతులతో మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. బౌలర్ పరుగు మొదలుపెట్టాడు.

"పడితే పడనియ్యి," అన్నాడు. "కూసో."

కూర్చున్నాను. ఆ బంతికి పడలేదు కానీ తర్వాతి ఓవర్లో పడింది, ఆ తర్వాత వరసగా పడ్డాయి. పడ్డప్పుడల్లా ఇద్దరం "అయ్యో" అన్నాం, ఒకేసారి. ఆయన ఒక్కసారి కూడా నావైపు చూడలేదు, నేను కదలలేదు. చివరి ఓవర్లో ఓడిపోయాం. మామూలుగా ఓడిన రోజు మామయ్య ఎవరితోనూ మాట్లాడడు, అన్నం కూడా తినడు. నేను టీవీ ఆపేసి, ఏమంటాడో అని నిలబడ్డాను.

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"బుధవారం ఇంకోటి ఉన్నదంట," అన్నాడు. "మునగాల నుంచి బస్సు దిగంగనే యాడ ఆగకుంట సీదా ఇంటికి రా బిడ్డా. మొదటి ఓవర్ కాడ్నుంచి ఉండాలె నువ్వు."