కూలింగ్ గ్లాసుల్లోంచి చూస్తే

ఇవాళ దువ్వాడలో ఒక కాలేజీకి ప్రొజెక్టర్ బిగించడానికి వెళ్లి పనిముట్ల సంచీ తెరిచేసరికి, అడుగునున్న పలచటి ప్లాస్టిక్ షీటు చరచరలాడింది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు అప్పలనాయుడు గారు గుర్తొస్తారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్ల ఎలక్ట్రానిక్ సామాను బాగుచేసే షాపు ఆయనది. ఆయన నింపాదిగా మాట్లాడేవారు. నేనా, ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు చెప్పే రకం. ఆడపిల్లకు బోటు మీద పని ఇవ్వడానికి ఇంకెవరూ ఒప్పుకోని రోజుల్లో, ఆయన నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి వెళ్లి రమ్మన్నారు.

డ్రైవర్ నూకరాజు బోటులో ఫిష్ ఫైండర్ తెర పాడైతే కొత్తది వేసింది నేనే. నీళ్లలో చేపల గుంపు ఎక్కడుందో చూపించే తెర అది. షాపులో బల్ల మీద పెట్టి చూస్తే బొమ్మ నిక్షేపంగా ఉంది. మర్నాడు మధ్యాహ్నం, ఐసు ఎక్కించి బయల్దేరబోతున్న నూకరాజు జెట్టీ మీదికొచ్చి అప్పలనాయుడు గారి మీద కేకలు మొదలెట్టాడు.

"ఏటి బావ, ఈ పాపని పంపినావు! తెరంతా నల్లగుంది. ఏటీ కనబడతన్లేదు. ఇంక నా బోటు ఎక్కనీకు!"

నాకు తిక్కరేగింది. గబగబా బోటెక్కి చూశాను. బొమ్మ అక్కడా బాగానే ఉంది.

"కనబడతంది గదా! నీ కళ్లకేటయింది?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కానీ ఒక డ్రైవర్ వద్దంటే పదిమంది వద్దంటారు. హార్బర్‌లో నా పని ఇంతటితో సరి అనుకున్నాను.

అప్పలనాయుడు గారు నన్ను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. బోటెక్కి, నూకరాజు నిలబడే చోటే వెళ్లి నిలబడ్డారు. "బావ, నీ కూలింగ్ గ్లాసులు ఓపాలి ఇలాగియ్యి" అని తీసుకుని, పెట్టుకుని చూసి, నాకిచ్చారు. పెట్టుకున్నాను కదా, తెర తారులా నలుపు! తల పక్కకు వంచితే బొమ్మ మెల్లగా తేలింది. కొత్త తెర వెలుగు ఒక వాటంగా వస్తోంది, నీటి మీది తళుకు ఆపే ఆ రకం అద్దాలు సరిగ్గా ఆ వాటాన్నే ఆపేస్తున్నాయి. పాత తెర వాటం వేరు. ఇదంతా చదువుకున్నదాన్నే, బల్ల దగ్గర కూర్చుని మరిచిపోయాను.

"పాప సెప్పిందీ నిజమే. నీకు కనబడకపోడమూ నిజమే" అన్నారాయన నూకరాజుతో.

"అద్దాలు తీసేస్తే సరి కదండీ" అన్నాను.

"సముద్రం మీద ఎండలో నువ్వు తీత్తావేటమ్మా?"

అద్దాలు నూకరాజుకి తిరిగిచ్చేశాను. ఆయన కొత్త తెర ప్యాకింగులోని ప్లాస్టిక్ షీటు తెప్పించి, తెర ముందు పెట్టి నెమ్మదిగా తిప్పారు. అద్దాలు మళ్లీ పెట్టుకున్న నూకరాజు "ఆఁ, అక్కడే! కదపకు!" అని అరిచాడు. రంగులు కాస్త మారినా బొమ్మ స్పష్టంగా ఉందట. ఆ షీటు వెలుగు వాటాన్ని మార్చేసింది. అందరూ చూస్తుండగా ఆ షీటు కత్తిరించి అతికించే పని అప్పలనాయుడు గారు నాకే ఇచ్చారు. "ఈసారీ ఈ పాపనే పంపు బావ" అన్నాడు నూకరాజు. అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. ఆ షీటులో మిగిలిన ముక్కే నా సంచీలో ఉన్నది.

ఇవాళ కాలేజీలో లెక్చరర్ గారు ముందు వరుసలో నిలబడి "బ్రహ్మాండంగా ఉందండీ, ఇంక చాలు" అన్నారు. నేను వెళ్లి, కిటికీ పక్కన చివరి బెంచీలో కూర్చున్నాను. పక్కనుంచి ఎండ కళ్లలో పడి, గోడ మీది నల్లటి అక్షరాలు వెలిసిపోయినట్టున్నాయి.

"మీరన్నదీ నిజమేనండీ. ఇక్కడ కూర్చునే పిల్లకి కనబడకపోవడమూ నిజమే" అని, కిటికీకి కర్టెన్ కోసం కొలత తీసుకున్నాను.