నిద్ర కోసం తాగినవన్నీ చెప్పాను, ఒక్కటి తప్ప

ఆ రోజు ఒక పెళ్లి జాకెట్టు కోస్తున్నాను. ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు గదే నా కుట్టు దుకాణం. కత్తెర పక్కన పెట్టి ముక్కలు చూసుకుంటే రెండు చేతులూ కుడివైపువే. పట్టుబట్ట, అతుకు వేయడానికి కూడా లేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు అది. అప్పటికి చాలా రోజులుగా నాకు సరైన నిద్ర లేదు. పడుకుంటే ఒంట్లోంచి సెగలు వచ్చేవి, లేచి కూర్చుంటే చల్లబడేది, మళ్లీ నడుం వాలిస్తే మళ్లీ సెగ. నెలసరి ఆగిపోయే వయసు కదా, అందరికీ ఉండేదే అనుకుని ఊరుకున్నాను. ఆ జాకెట్టు చూశాక మాత్రం భయమేసింది.

నిద్ర పట్టడం లేదని నోరు జారానో లేదో, మా వాడంతా డాక్టర్లయిపోయారు. పక్కింటి షాహెదా గిన్నెతో సహా వచ్చింది. "రాజమణక్కా, గసాలు నానబెట్టి నూరి పాలల్ల కలుపుకొని తాగు. మా అమ్మీ గిదే తాగేది" అంది. ఒకరు జాజికాయ అరగదీసి తాగమన్నారు. ఒకరు పచ్చి ఉల్లిగడ్డ, పెరుగు అన్నారు. ఇంకొకరు మంచం దిక్కు మార్చమన్నారు. అన్నీ చేశాను. అరికాళ్లకు నువ్వుల నూనె రాసుకుని, సరిగ్గా తుడుచుకోకుండా మిషన్ తొక్కబోతే కాలు జారి మడమ బెణికింది. మా ఆయన రైసుమిల్లులో పనిచేస్తాడు. వంటగదిలో డబ్బాలు చూసి "ఇది ఇల్లా, ఆయుర్వేదం దుకాణమా?" అని నవ్వేవాడు. నాకు నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు.

డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను. బీపీ, షుగర్, థైరాయిడ్, ఈసీజీ, అన్నీ నార్మల్. "మెనోపాజ్‌లో ఇట్లా అవుతుందమ్మా. టీ తగ్గించండి, పగలు పడుకోకండి, తగ్గకపోతే మళ్లీ రండి" అన్నారు. ఇంతేనా అనిపించింది. ఇన్ని టెస్టులు చేసి టీ మానేయమంటాడేమిటి అని ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను.

అప్పుడు చెప్పింది పోశవ్వ. మా గల్లీలో కూరగాయలమ్ముతుంది, పెద్ద మనిషి. "గా గసాలు, జాజికాయలు ఎందుకు బిడ్డా! పొద్దుమూకంగ ఒక సీస కల్లు తాగు. చెట్టుది, మందు గాదు గదా. ఒంట్ల వేడంత గుంజేస్తది" అంది. కల్లు నాకు కొత్తేం కాదు. పండుగలకు మా ఇంట్లో ఆడవాళ్లం కూడా తాగుతాం. సరేనని తెప్పించుకున్నాను.

ఆ రాత్రి ఎలా నిద్రపోయానో నాకే తెలియదు. తెల్లారి లేచేసరికి తల తేలిగ్గా ఉంది. ఆ రోజు కోసిన చేతులు ఒకటి కుడి, ఒకటి ఎడమ. దేవుడా అనుకుని దండం పెట్టుకున్నాను. ఆ తరువాత రోజూ ఒక సీసా, కొన్నాళ్లకు రెండు. ఎప్పుడైనా కల్లు దొరకని రోజు ఒళ్లు నొప్పులు, ఊరికే చిరాకు. పాత జబ్బే తిరగబెడుతుందనుకుని మరుసటి రోజు తప్పకుండా తెప్పించుకునేదాన్ని.

నిద్ర పడుతోందని చెప్పడానికి మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను, గొప్పగానే. "ఏం వాడుతున్నారమ్మా?" అని అడిగారు. "అన్నీ ఇంటి వైద్యాలే సార్" అని గసాల నుంచి ఉల్లిగడ్డ దాకా చెప్పాను. కల్లు చెప్పలేదు. ఆయన ముందు ఆ మాట అనడానికి సిగ్గేసింది. పైగా చెట్టు నుంచి దిగినదాన్ని మందుల లెక్కలో చెప్పాలని నాకు తోచనే లేదు.

ఇంతలో మా ఒక్కగానొక్క బిడ్డ స్రవంతికి నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింటివాళ్లం మేమే చేయాలి. పుట్టిన బిడ్డకు నీళ్లు పోసేది మా ఇంట్లో అమ్మమ్మే. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి పోస్తాం. "నీ బిడ్డకు నీళ్లు నేనే పోస్త, ఇంకెవ్వల్ల ముట్టనియ్య" అని దాని ఏడో నెల నుంచి అంటూనే ఉన్నాను. నా నిద్ర బాగుపడాలని నేను అంత ఆత్రపడిందీ అందుకే. నిద్రలేని చేతుల్లో పసిబిడ్డను ఎవరు పెడతారు?

కామారెడ్డిలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తోడుగా నేను వార్డులోనే ఉన్నాను. అక్కడ కల్లు ఎక్కడిది? మరునాటికే చేతులు వణకడం మొదలైంది. చెమటలు, దడ, కన్ను మూతపడదు. బిడ్డ పుట్టిన హడావుడిలో అలసిపోయానులే అనుకున్నాను. ఆ తరువాతి రోజు పొద్దున నర్సు పాపను తుడిచి నా చేతికిచ్చింది. పాప గుడ్డ మీద నల్లచీమలు బారులు బారులుగా పాకుతున్నాయి. "చీమలు, చీమలు!" అని అరుస్తూ ఆ గుడ్డ మీద కొట్టడం మొదలుపెట్టాను.

"అమ్మా, చీమల్లేవు! పాపను ఇటియ్యి!" అంటూ స్రవంతి కుట్లతోనే సగం లేచి నా చేతుల్లోంచి పాపను లాక్కుంది. నా బిడ్డ నన్ను చూసి భయపడింది. నా జబ్బులో నాకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి ఎక్కడంటే అక్కడే. ఆ వెంటనే నాకు ఫిట్స్ వచ్చాయట, నాకు గుర్తు లేదు.

కళ్లు తెరిచేసరికి చేతికి సెలైన్ ఉంది. నేను ఏమేం వాడుతున్నానని అక్కడి డాక్టరమ్మ మా ఆయనను అడుగుతోంది. ఆయన పాలు, గసాలు, నూనె అని వరుసగా చెబుతున్నాడు.

"కల్లు తాగుతారా?" అంది ఆమె.

"గది రోజూ తాగుతది మేడమ్. గది మందు గాదు గదా" అన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "అమ్మా, ఉత్త చెట్టు కల్లుతో ఇంత నిద్ర రాదు. కొన్ని చోట్ల అందులో నిద్రమాత్రల పొడి కలుపుతారు, ఆల్ప్రాజోలం లాంటివి. మీరు తాగిందీ అలాంటిదే అయి ఉంటుంది. తెలియకుండానే రోజూ మాత్రలు మింగారన్నమాట. ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఇట్లా అయింది. దీన్ని విత్‌డ్రాయల్ అంటారు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నిద్రమాత్రలు వద్దనే కదా ఆ గసాలూ జాజికాయలూ నూరుకున్నది! పోశవ్వను తిట్టుకున్నాను. తరువాత గుర్తొచ్చింది, పాపం ఆమె తాగేదీ అదే.

అక్కడే అడ్మిట్ చేసి, మళ్లీ నిద్రమాత్రలే రాశారు. "దీంతోనే గదా చెడింది, మల్ల గిదే ఇస్తున్నరేంది?" అని పోట్లాడాను. "మెట్లు దిగినట్టు దిగాలమ్మా. ఒకేసారి దూకితే మళ్లీ ఫిట్స్ వస్తాయి. కొద్దికొద్దిగా తగ్గిస్తాను, దీన్ని ట్యాపరింగ్ అంటారు" అంది డాక్టరమ్మ.

స్రవంతిని వాళ్ల అత్తగారు భిక్నూర్ తీసుకెళ్లారు. తొలి కాన్పు బాలింత మా గడప తొక్కకుండానే వెళ్లిపోయింది. "అత్తమ్మా, మీరు మంచిగైనంక మేమే వస్తం" అని అల్లుడు మర్యాదగానే చెప్పాడు. వియ్యపురాలు పాపకు నీళ్లు పోస్తున్న ఫోటో ఫోన్‌లో వచ్చింది. చూసి ఫోన్ బోర్లించి పెట్టేశాను.

ఇంటికి వచ్చాక మాత్ర తగ్గించిన ప్రతిసారీ నరకమే. ఒకరోజు మా ఆయన సీసా తెచ్చాడు. "నీ తిప్పల సూడలేకపోతున్ననే. సగమే తాగు" అన్నాడు. తాగాను. హాయిగా నిద్రపోయాను. పొద్దున లేచి ఇద్దరం ఏడ్చాం. డాక్టరమ్మకు చెబితే తిట్టలేదు. "చెప్పారు, అది మంచిపని" అని మాత్రల లెక్క మళ్లీ సరిచేసింది. ఆ రోజు నుంచి మాత్రల డబ్బా షాహెదా దగ్గర పెట్టాను. రోజూ తనే లెక్కపెట్టి ఇచ్చేది.

ఇప్పుడు మాత్రలు ఆగిపోయాయి. బాగా నిద్రపోతున్నానా అంటే లేదు. ముక్కలు ముక్కలుగా వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. వచ్చినా రాకపోయినా పొద్దున అదే వేళకు లేస్తాను, మధ్యాహ్నం నడుం వాల్చను. గసాలు, జాజికాయ సంగతి డాక్టరమ్మను అడిగితే "అవి కూరల్లో వేసుకోండి. గోరువెచ్చని పాలు తాగండి, కాళ్లకు నూనె రాసుకోండి, తప్పులేదు. నిద్ర వచ్చిందా లేదా అని కాపలా మాత్రం కాయకండి" అంది. అలసట అలవాటైంది. పట్టుబట్టలు మాత్రం పొద్దునపూటే కోస్తున్నాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ఏం వాడుతున్నారని డాక్టర్ అడిగినప్పుడు అన్నీ చెప్పండి, కల్లు కూడా చెప్పండి. ఇది చదివి భయపడి ఇవాళే మానేయకండి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పోశవ్వకు ఈ మాట చెబితే "నా కల్లు మీద పడ్డవేంది?" అని చాలా రోజులు మాట్లాడలేదు. మొన్న దుకాణం మెట్టు మీద కూర్చుని "గా డాక్టరమ్మ తానికి నన్ను తోల్కపోతవా?" అని మెల్లగా అడిగింది.

పోయిన ఆదివారం స్రవంతి పాపను తీసుకుని వచ్చింది. పాపకు నీళ్లు పోస్తానని అడిగే ధైర్యం నాకు లేదు. మిషన్ దగ్గర కూర్చుని సూదికి దారం ఎక్కిస్తుంటే నా చేతుల వంకే చూస్తోంది. దారం ఎక్కింది. అది పెరట్లోకి వెళ్లి పీట వేసింది, వేడినీళ్లలో చన్నీళ్లు తొరిపింది. పాపకు నూనె రాసి నా ముందు నిలబడింది.

"అమ్మా, కాళ్లు సాపు" అంది.

చాపాను. నీళ్ల వేడి మాత్రం మోచేయి పెట్టి తనే చూసింది. చూడనీ.