చింతచెట్టుకు సగం నీడ

సిరాలో నీళ్ళు కలిపి చెట్టు బొమ్మకు నీడలు వేసినప్పుడల్లా ఆ వాసనకు నాకు మా నాయినమ్మ గొంతు వినిపిస్తుంది.

తాండూరు రోడ్డు పక్కన మా చేను, గట్టు మీద చింతచెట్టు. నా చిన్నప్పుడు ఒకరోజు భుజాన సంచితో ఒకాయన వచ్చి, చెట్టుకు ఎదురుగా కూర్చుని కలంతో దాని బొమ్మ గీయసాగాడు. అడిగితే చెంబెడు నీళ్ళిచ్చాను. సిరా కుంచె ముంచగానే నీళ్ళు నల్లబడ్డాయి. పూడూరు దిక్కు రోడ్డు వెడల్పు చేసేముందు చెట్లకు రంగుతో నంబర్లు వేశారు. నంబరు పడ్డ చెట్టేదీ మిగల్లేదు. ఇదీ ఆ రంగేననుకుని ఉరికి నాయినమ్మకు చెప్పాను.

ఆమె చేతిలో కొడవలితోనే వచ్చింది.

"ఎవలు పంపిన్రు నిన్ను? మా చెట్టు నీకెందుకు?"

"ఊకెనే బొమ్మ గీస్తున్నమ్మా. చెట్టు మస్తుగుంది."

"గింత ఎండల ఊకెనే ఎవడు కూసుంటడు? బిడ్డా, ఆ నీళ్ళు పారబొయ్యి!"

పారబోశాను. ఆయన సగం చెట్టుకే నీడ వేసిన ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చీకటి పడేదాకా నేను చెట్టుకు కాపలా కాశాను.

మరుసటి ఏడు జీపులో ఇద్దరు దిగారు. "మంచిగున్నవా పెద్దమ్మా? చింతపండు బాగొచ్చిందా?" అని నవ్వుతూ పలకరించారు. నాయినమ్మ మురిసిపోయి, ఆ చెట్టుకిందే కూర్చోబెట్టి, తనే కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి ఇచ్చింది. రంగుడబ్బా జీపులో ఉంది.

మా చెట్టు ఇంకా ఎక్కడైనా ఉందంటే, ఆయన కాగితం మీదే, సగం నీడతో.