సూపర్‌వైజర్ కుర్చీ

నిజామాబాద్ శివారులో పసుపు పొడి ప్యాక్ చేసే యూనిట్‌కు నేను మేనేజర్‌ని. ఏర్గట్ల వైపు నుంచి వచ్చే పసుపు మా దగ్గర పొడై ప్యాకెట్లలోకి వెళ్తుంది. ప్యాకింగ్ హాలులో అందరూ ఆడవాళ్లే. ఎక్కువమంది ఎడపల్లి చుట్టుపక్కల నుంచి ఆటోల్లో వస్తారు. అక్క చెల్లెల్ని తెస్తుంది, అత్త కోడల్ని తెస్తుంది. మేము ప్రకటన ఇచ్చి మనుషుల్ని తీసుకున్నది తక్కువ. సాయంత్రానికి అందరి చేతులూ పచ్చగా ఉంటాయి కాబట్టి బస్సులో కనిపించినా మా వాళ్లని గుర్తుపట్టొచ్చు.

కిందటేడు హాలుకు సూపర్‌వైజర్ కావాల్సి వస్తే నేను ఒక కోడలి పేరు పంపాను. మెషీన్ చప్పుడు మారితే ముందు లేచేది ఆమే. ఇద్దరు తగాదా పడితే మధ్యలోకి వెళ్లి నవ్వించేదీ ఆమే. హైదరాబాద్ హెడ్డాఫీసు ఒప్పుకుని, హోదాకు గుర్తుగా ఒక తిరిగే కుర్చీ కూడా పంపింది. అదే లైన్లో, సీలు వేసే చోట ఆమె అత్త పనిచేస్తోంది. అది రాయడానికి వాళ్ల ఫారంలో గడి లేదు. అత్త నిలబడి ఉండగా కోడలు కుర్చీలో కూర్చోవడం మా వైపు జరగదు.

కుర్చీ ఖాళీగానే ఉండేది. అత్తకు చూపు మందగించి, ఆమె వేసిన సీళ్లు కొన్ని ఊడిపోయేవి. కోడలు నోరెత్తేది కాదు. ఆ ప్యాకెట్లు ఏరి పక్కకు తీసుకెళ్లి తానే మళ్లీ సీలు వేసేది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఈమె అత్త ఉండి కూడా ఉత్తమురాలు, అదే వచ్చిన చిక్కు.

తనిఖీకి వచ్చిన హెడ్డాఫీసు సార్ కంట్లో సరిగ్గా అదే పడింది.

“సూపర్‌వైజర్ సీళ్లు వేస్తూ కూర్చుందేమిటి? ఈమెలో లీడర్‌షిప్ లేదు. వచ్చే నెల మళ్లీ చూస్తాను. ఇలాగే ఉంటే తిరిగి లైన్లోకి పంపేయండి,” అన్నాడు, హాలు మధ్యలో నిలబడి.

నాకు ఒళ్లు మండింది. మనిషికి పదవి ఇచ్చినవాళ్లు ఆమె పక్కన ఎవరున్నారో కూడా చూసుకోవద్దా? ఆయన వెళ్లాక కోడలిని పిలిచి, అత్తను వేరే షిఫ్టుకు మారుస్తానన్నాను.

“వద్దు మేడం. ఆమెనే నన్ను ఈడికి తీస్కొచ్చింది. ఆమెను పంపితే నేను గూడ పోత,” అంది.

మర్నాడు పొద్దున అత్తే లైన్లోంచి వచ్చి, ఊడిన ప్యాకెట్ ఒకటి కోడలి చేతిలో పెట్టింది.

“గిది నాది. నాకు కండ్లు సక్కగ కనవడ్తలేవు. గా సార్ అన్నది నేను గూడ ఇన్న. నువ్వు నన్ను దాస్తే నిన్ను తీసేస్తరు. అందరి ముందల చెప్పు.”

మెషీన్ ఆగలేదు గానీ చేతులన్నీ ఆగాయి. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అత్తమ్మా, గీ సీలు ఊడుతది,” అంది చివరికి, మెల్లగా. “ఇగ నువ్వు సీలు వెయ్యకు. లేబుళ్ల కాడ కూసో. గీ వారంల కండ్ల దవాఖానకు పోదాం.”

“సరే. ఇంట్ల మాత్రం గిట్ల చెప్పకు,” అంది అత్త. హాలంతా నవ్వింది.

లేబుళ్ల బల్ల దగ్గర కూర్చోవడానికి ఏమీ లేదు. కోడలు ఆ తిరిగే కుర్చీని తోసుకొచ్చి అక్కడ వేసింది. ఆ రోజు నుంచి ఆమె మాటకు హాలులో ఎదురు లేదు. అత్తకే చెప్పినామె ఇక ఎవరికి చెప్పడానికి జంకుతుంది?

నెల తిరిగాక సార్ మళ్లీ వచ్చాడు. ముఖాలు గుర్తుపెట్టుకునే అలవాటు లేదేమో, నేరుగా కుర్చీ దగ్గరికే వెళ్లాడు.

“సూపర్‌వైజర్ మీరేనా?”

అత్త కొత్త కళ్లద్దాలు సర్దుకుంది.

“నేను కాదు సారూ. గా నిలవడ్డ పిల్ల, నా కోడలు. ఆమె చెప్తెనే నేను ఈడ కూసున్న.”