ముందు పిల్లాడి పట్టకారు

పళ్ల తీగ బిగించే పట్టకారు కీలు దగ్గర సన్నటి ఎర్రచార కనిపించింది. అప్పటికది నా కూతురి పెదవులకు జానెడు దూరంలో ఉంది. అంతకు నిమిషం ముందే ఆ కుర్చీలోంచి ఒక పిల్లాడు చిగుళ్ల నెత్తురు ఉమ్మి లేచి వెళ్లాడు. నర్సమ్మాయి అదే పట్టకారును స్పిరిట్ గిన్నెలో ఒకసారి ఆడించి, దూదితో తుడిచి డాక్టరుకు అందించింది.

"ఆగండి సార్" అన్నాను.

నెల్లూరులో పిల్లల పళ్లకు తీగలంటే ఈయనేనని, హస్తవాసి మంచిదని అందరూ చెబితే వచ్చాం. ఆ ఒక్క మాట విన్నాక మా వైపు ఇంకేమీ అడగరు. నేనూ అడగలేదు. ఏడు నెలలుగా నెలకోసారి వచ్చి, పాప మూలుగు వినలేక గోడవైపు తిరిగి ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. ఆ ఏడుసార్లూ పాప నోట్లోకి ఏం వెళ్లిందో ఇప్పుడెవరు చెబుతారు?

"ఏందమ్మా, నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడాయన.

"కాదు సార్. రొయ్యల గుంటల కాడ పెరిగినదాన్ని. తెగులు అంటుకుంటదని, ఒక గుంటలో ఏసిన వలని బ్లీచింగులో ముంచి ఎండబెట్టందే ఇంకో గుంటలో ఎయ్యనియ్యడు మా నాయన. రొయ్యకే అంత చూస్తామే, నా బిడ్డ రొయ్యకన్నా తక్కువా?"

వెనక బెంచీ మీద ఒకావిడ నవ్వింది. "పోనీలే అమ్మాయ్. సారు చెయ్యి చల్లనిది, ఏం కాదులే."

"చెయ్యి చల్లనిదే అక్కా. పట్టకారు సంగతి అడగతా ఉండా."

"అమ్మా, పరువు తియ్యొద్దు" అని పాప నా చున్నీ లాగింది.

డాక్టరు గ్లవ్స్ పీకి పారేశాడు. "ఇష్టం లేకుంటే పొండి. సగంలో ఉన్న తీగల్ని ఇంకెవురు ముట్టుకుంటారో నేనూ చూస్తా."

అది నిజం కూడా కావచ్చు. అయినా కుర్చీకి అడ్డంగా నిలబడ్డాను. "పోను సార్. కవర్లో మూసి మిషన్లో వేడి చేసిన పనిముట్ల సెట్టు మా ముందు కవరు చించి తియ్యండి. అప్పటిదాకా ఈడనే ఉంటా."

మూలనున్న స్టెరిలైజర్‌ను ఆన్ చేయడానికి ముందు నర్సమ్మాయి దాని మీది ఫైళ్ల దొంతర దించాల్సి వచ్చింది. ముప్పావుగంట పట్టింది. చివరికి కవరు చించిన చప్పుడయ్యాక, ఇందాక నవ్విన ఆవిడ లేచి తన కొడుకును దగ్గరికి లాక్కుంది. "సార్, మావోడికి కూడా కవరుదే తియ్యండి" అంది.

ఆయన ఇంకో కవరు చించాడు.

పాప మాత్రం ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మరుసటి పొద్దున జడ వేస్తూ దానికీ, వచ్చే నెల తీగలు వేయించుకోబోయే దాని తమ్ముడికీ కలిపి చెప్పాను.

"కవరు మీ కళ్లముందు చించందే నోరు తెరవబాకండి. ఆయన కసిరినా సరే, నేను పక్కన లేకపోయినా సరే. పరువు పోతే మళ్లీ నేను తెచ్చిస్తా."