రవ్వలడ్డు మంచుబొమ్మలు

మంచు నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిందల్లా ఐసు. ఫిషింగ్ హార్బర్‌లో వేలంలో పాడుకున్న చేపల్ని మా అమ్మ గంపలో సర్దుతుంటే, పక్కన దిమ్మలు పగలగొట్టి ఐసు పొడి పోసేవారు. అలా పెరిగిన నేను మంచుబొమ్మ చేయడం ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాను. పెద్ద రవ్వలడ్డు మీద చిన్న రవ్వలడ్డు. రెండింటినీ ఎండుకొబ్బరి పొడిలో దొర్లిస్తే తెల్లటి మంచు. ముక్కుకి క్యారెట్ ముక్క, మెడకి ఎర్ర జెల్లీ పట్టీ. వీడియోలో కళ్ళకి లవంగాలు గుచ్చారు. పిల్లలు కొరికితే నోరు మండుతుందని నేను నల్ల కిస్‌మిస్ తుంచి పెట్టాను. రెండు లడ్డూలూ విడిపోకుండా మధ్యలో పళ్ళపుల్ల గుచ్చమన్నారు. అది ఏ పిల్ల గొంతులో గుచ్చుకుంటుందోనని దాని బదులు సన్నగా తరిగిన కొబ్బరి ముక్క వాడాను. బొమ్మలో తినలేనిది ఒక్కటీ లేకుండా చూసుకున్నాను.

అప్పటికి మేము అపార్ట్‌మెంట్‌కి మారి ఆరేడు నెలలైంది. మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. వన్ టౌన్ సందులో ఇరుకింటి నుంచి లిఫ్టు, బాల్కనీ ఉన్న నాలుగో అంతస్తు ఫ్లాటుకి వచ్చాం. ఆయన వైపూ నా వైపూ మగవాళ్ళు సముద్రం మీద చేపలవేటకి వెళ్ళినవాళ్ళే. ఆ సంగతి ఎవరికీ పనిగట్టుకుని చెప్పలేదు, అలాగని దాచనూ లేదు. మొదటి నెలలోనే మా అమ్మ చేపల సంచితో లిఫ్టులో వచ్చింది. లిఫ్టులో నీచు వాసన వచ్చే సామాను తేవద్దని, ఎవరి పేరూ లేకుండా, ఆ సాయంత్రమే అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అప్పట్నుంచి అమ్మ చేపలు హార్బర్‌లోనే కోసి కడిగి, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని, మోకాళ్ళ నొప్పులున్నా మెట్లెక్కి వచ్చేది. లిఫ్టులో రమ్మంటే వినేది కాదు.

మా అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి. దాని టిఫిను డబ్బాలో ఇడ్లీకి కళ్ళు, దోసకి మీసాలు పెట్టి పంపేదాన్ని. అది మూడో అంతస్తులో ఉండే ఒకావిడ కూతురు చూసి ఇంట్లో చెప్పింది. ఆ అపార్ట్‌మెంట్‌లో పండగలన్నీ జరిపించేది ఆవిడే. ఒకరోజు మా గుమ్మం దాకా వచ్చింది.

"మీ చేతిలో ఇంత కళ ఉందని మాకు తెలియనే లేదండీ. న్యూ ఇయర్‌కి టెర్రస్ మీద పిల్లల పార్టీ పెడుతున్నాం. ఏదైనా క్యూట్‌గా చేసిపెట్టగలరా?"

ఆ ఇంటికి వచ్చాక మా గుమ్మంలో నిలబడి నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడ. వెంటనే ఒప్పుకున్నాను. ఆ మంచుబొమ్మల కోసం కొత్త బాణలి, కొత్త పళ్ళేలు కొన్నాను. మిఠాయిల గిన్నెలు వేరేగా ఒక అట్టపెట్టెలో పెట్టుకున్నాను.

పార్టీలో బొమ్మల్ని తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద వరసగా నిలబెట్టారు. చుట్టూ చిన్న లైట్లు పెట్టారు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. మూడో అంతస్తు ఆవిడ కూతురు ఒక బొమ్మని నోటి దగ్గర పెట్టుకుంటే ఆవిడే ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. కింద వరసగా పొగడ్తలు. ఆ మెసేజ్‌లన్నీ మా ఆయనకి చదివి వినిపించాను.

"ఏటి, ఇంటి పని వదిలేసి ఇదే సేత్తావా ఇంక?" అన్నాడు గాని, ఆయనకీ సంతోషంగానే ఉంది. పక్కింటాయన ఆరోజు లిఫ్టులో ఆయన్ని పలకరించాడట.

ఆ తర్వాత ఏ వేడుకైనా నాకే చెప్పేవారు. ఎవరి పుట్టినరోజుకో పుచ్చకాయ తొలిచి ఓడ చేశాను. పోర్టులో నిలబడే ఓడలాగే దానికి క్యారెట్‌తో పొగగొట్టం, పైన ద్రాక్షపళ్ళ మనుషులు. పంద్రాగస్టుకి మూడు రంగుల కొబ్బరి లౌజు. వినాయక చవితికి కుడుములకి బాదం పలుకుల చెవులు, సేమ్యా తోకలు పెట్టి ఎలుకల్ని చేశాను. ఏడాది తిరగకుండానే ఆ భవనంలో అందరూ నన్ను గుర్తుపట్టేవారు. మా అమ్మాయిని ఆడుకోవడానికి పిలిచేవారు. అదంతా నా చేతిపని పుణ్యమేనని నమ్మాను.

అమ్మ మాత్రం ఒక్కటే అడిగేది.

"ఎంత సక్కగా సేసినావే. తిన్నారేటి ఆళ్ళు?"

"తినకపోతే మళ్ళీ మళ్ళీ నన్నే ఎందుకు అడుగుతారమ్మా?"

"నువ్వు సూసినావా తింటుంటే?"

చూడలేదు. ముందు ఫోటోలు, తర్వాత కేకు, ఆ తర్వాత భోజనాలు. బొమ్మల్ని పిల్లలకి తర్వాత పంచుతామనేవారు. ఈలోగా మా ఆయన డ్యూటీ టైమైందని నేను కిందికి దిగిపోయేదాన్ని. పొద్దున్నే నా పళ్ళేలు శుభ్రంగా కడిగి గుమ్మం ముందు పెట్టి ఉండేవి. ఖాళీ పళ్ళెం చూసి ఎవరైనా ఏమనుకుంటారు?

దీపావళికి మైసూర్‌పాకు ముక్కల్ని ప్రమిదల్లా చెక్కి, జీడిపప్పు పలుకుని కుంకుమపువ్వు పాలలో ముంచి వత్తిలా నిలబెట్టాను. ఆ మర్నాడు పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే, వాచ్‌మన్ భార్య టపాకాయల కాగితాలు ఊడుస్తూ కనిపించింది. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. నన్ను చూసి నవ్వింది.

"అమ్మా, మీ పెమిదలు బలేగున్నాయి. మా సిన్నదైతే కూడు మానేసి అయ్యే తింది."

"మీకూ పెట్టారా? మంచిదే."

"పెట్టడమేటమ్మా, అన్నీ మాకే కదా ఒత్తాయి. పళ్ళేలకి పళ్ళేలు కిందికి దించెత్తారు. ఆ తెల్ల బొమ్మల కాడి నుంచీ అంతే కదా. అయ్యైతే ఒక్కటీ ఇరగకుండా ఒచ్చినాయి."

"పైన ఎవరూ తినలేదా?"

ఆమె చీపురు ఆపింది. నా మొహం చూసి ఏదో అర్థమైనట్టుంది.

"నాకేటి తెల్దమ్మా. మీరే మా పిల్లల కోసం సెప్పి పంపిత్తన్నారనుకున్నాను నాను."

మీ పిల్లలు తిన్నందుకు నాకు సంతోషమేనని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ పాల ప్యాకెట్లు అక్కడే గోడ మీద మర్చిపోయి మెట్లెక్కాను. మూడో అంతస్తులో ఆగి బెల్లు కొట్టాను.

ఆవిడ తలుపు సగమే తీసింది. తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఉంది. నేను విన్నది చెప్పి, నిజమేనా అని అడిగాను.

"అయ్యో, పొద్దున్నే ఎవరు చెప్పారండీ మీకు ఇవన్నీ?"

"నిజం కాకపోతే కాదని చెప్పండి. వెళ్ళిపోతాను."

"మీరు మరోలా అనుకోకండి. మీ పనితనం గురించి అందరికీ చెప్పేదే నేను. కాకపోతే ఇక్కడ పెద్దవాళ్ళున్నారు, పట్టింపులుంటాయి. మీ ఇంట్లో రోజూ నీచు వండుతారు కదా. అదే పొయ్యి, అవే గిన్నెలు."

"మిఠాయిలకి గిన్నెలు వేరే పెట్టాను."

"అది మాకెలా తెలుస్తుందండీ?"

"అడిగితే చెప్పేదాన్ని కదా."

"అలాంటివి మొహం మీద ఎలా అడుగుతాం? మీరు బాధపడరూ?"

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో నిజంగానే మర్యాద ఉంది. మీ పాప బొమ్మని నోటి దగ్గర పెట్టుకుంది కదా అన్నాను.

"అది ఫోటో కోసం," అంది.

అదే భవనంలో రెండో అంతస్తు వాళ్ళు ఆదివారం కోడికూర వండితే వాసన మెట్ల దాకా వచ్చేది. వాళ్ళింటి నుంచి వచ్చిన పులిహోర అందరూ రెండోసారి అడిగి మరీ పెట్టించుకోవడం నేను చూశాను. ఆ సంగతి అక్కడే అనాల్సింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మా అమ్మాయి బడికి జడ వేయించుకుంటూ, ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. చెప్పాను. అది కాసేపు అద్దంలో తన మొహమే చూసుకుంది.

"నాకు తెలుసమ్మా," అంది.

"ఏటి తెలుసు?"

"ఎవరూ తినరని. ఫస్ట్ పార్టీలోనే నా ఫ్రెండ్ చెప్పింది, వాళ్ళమ్మ తినొద్దందని. నువ్వు అంత హ్యాపీగా ఉన్నావు కదా, అందుకే చెప్పలేదు."

దాదాపు ఏడాది పాటు పదేళ్ళ పిల్ల ఆ మాట కడుపులో పెట్టుకుని, ప్రతి పండక్కీ నా పక్కన కూర్చుని లడ్డూలు దొర్లించింది. మూడో అంతస్తు గుమ్మంలో కలగని బాధ నాకు అప్పుడు కలిగింది. జడ సగంలో వదిలేసి దాన్ని దగ్గరికి తీసుకోబోయాను. బస్సు వచ్చేస్తుందని అది విదిలించుకుంది.

డిసెంబరులో మూడో అంతస్తు ఆవిడ మళ్ళీ వచ్చింది.

"ఈసారి ముందే అందరికీ చెప్పేస్తామండీ, మీ బొమ్మలు డిస్‌ప్లేకి మాత్రమేనని. అప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"తినడానికైతే చేస్తాను," అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ ఏడు బల్ల మీద బేకరీ నుంచి తెచ్చిన కప్ కేకులు పెట్టారు. టెర్రస్ మీద పిల్లల డ్యాన్సుకి మా అమ్మాయి పేరు ఇచ్చి, రెండు వారాలు వాళ్ళతో కలిసి నేర్చుకుంది. చివర్లో జోడీలు సరిపోవడం లేదని దాన్ని ఆపేశారు. దాని కోసం కుట్టించిన ఆకుపచ్చ గౌను హ్యాంగర్‌కే ఉండిపోయింది.

"నువ్వు ఆ బొమ్మలు చేసిచ్చేస్తే అయిపోయేది కదా," అంది నాతో. "తింటే ఏంటి, తినకపోతే ఏంటి?"

మా ఆయన దాన్ని కసిరాడు. నేను వద్దన్నాను. ఆ వయసులో నేనైనా అలాగే అనేదాన్నేమో.

తర్వాత కొన్నాళ్ళకి హార్బర్ దగ్గర మా తమ్ముడింట్లో వాడి కూతురి మొదటి పుట్టినరోజు. చాలా రోజుల తర్వాత మిఠాయిల అట్టపెట్టె దించాను. కొబ్బరి లౌజుతో చేపలు చేసి, ఒక్కో చేపకీ బాదం రేకులు పొలుసుల్లా అంటించాను. ఇంటి ముందు బల్ల మీద పళ్ళెం పెట్టానో లేదో, ఎవరూ ఫోన్ తీయకముందే పిల్లలు ఎగబడ్డారు. తలా తోకా విరిచి పంచుకుతిన్నారు. తన చీరకి చేతులు తుడిచేస్తున్నారని మా మరదలు తిట్టింది. అమ్మ గడప మీద కూర్చుని తనూ ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఏ చేపో పోల్చడానికి చూస్తోంది.

"ఇది పారా, సందువా?"

"ఏదైతే ఏటమ్మా, తిను."

మా అమ్మాయి పిల్లలకి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. రమ్మని పిలిచాను.

"నాకొద్దు. కేక్ చాలు."

అమ్మ బలవంతం చేసి దాని చేతిలో ఒక చేప పెట్టింది. అది థాంక్స్ చెప్పి తీసుకుంది. తిందనే అనుకున్నాను. అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతుంటే, అది కూర్చున్న కుర్చీ కింద ఒక టిష్యూ ఉండ దొరికింది. విప్పితే చేప. పొలుసు ఒక్కటి కూడా ఊడలేదు.

అమ్మ లోపల గిన్నెలు కడుగుతోంది. మా అమ్మాయి వాళ్ళ నాన్న పక్కన, బండి దగ్గర నిలబడి ఇంటికి వెళ్దామని నాకు చెయ్యి ఊపుతోంది. నేను అక్కడే నిలబడి ఆ చేపని తినేశాను. తీపి సరిగ్గానే కుదిరింది.