నికాసియో పంపిన మనిషి

నికాసియో కుస్కో పట్నంలో గైడు. ఏ మెట్టు రాయి కదులుతుందో, ఏ మలుపులో పెద్దవయసు వాళ్ళు ఊపిరి కోసం ఆగుతారో అతనికి తెలుసు. చాలా ఏళ్ళు వేరేవాళ్ళ కంపెనీల జెండా పట్టుకుని నడిచాడు. లాభం వాళ్ళకు వెళ్ళింది, మోకాళ్ళ నొప్పి తనకు మిగిలింది. యాభై దగ్గరపడుతుండగా సొంతంగా ఒక యాత్ర తయారుచేశాడు.

రైలు టికెట్టు ధర వినగానే మచూ పిచ్చూ మీద ఆశ వదులుకునే జనం కోసం ఆ యాత్ర. రెండు రోజులు, మధ్యలో ఒక రాత్రి. రైలు ఉండదు, గుర్రాలు ఉండవు, హోటలు ఉండదు. ఊళ్ళకు తిరిగే వ్యాను ఎక్కి కనుమ దగ్గర దిగాలి. అక్కణ్ణించి సుంతుర్‌పాటా దాకా నడక. సుంతుర్‌పాటాలో ఇంకాల కాలపు గోడలున్నాయి, ధాన్యపు కొట్లున్నాయి, కొండను మెట్లుగా చెక్కిన పొలాలున్నాయి. టికెట్టు అడిగే మనిషి మాత్రం లేడు. కింద కిస్వార్‌పంపా అనే ఊళ్ళో బడి గదిలో పడక. ఊరి ఆడవాళ్ళు వండే సూపు, ఉడికించిన బంగాళాదుంపలు, జున్ను. ఆ ఊరు నికాసియో పుట్టిన ఊరే. అందుకే అంత చవకగా కుదిరింది.

ప్రయాణాల ఆఫీసు నడిపే దోన్యా అంపారో, అంటే అంపారో అమ్మగారు, ఈ ఏర్పాటంతా శ్రద్ధగా విన్నది.

"బాగానే ఉంది. కాకపోతే చవక యాత్ర వేరు, చవకబారు యాత్ర వేరు. మొదటిసారి నేనూ నడుస్తాను. నచ్చితే సీజనంతా నా బోర్డు మీద ఉంటుంది. ఆగస్టు రెండో శనివారం బయల్దేరదాం."

నికాసియో ఏదో చెప్పబోయాడు. చివరికి "అలాగే దోన్యా" అన్నాడు.

ఆ శనివారానికి మర్నాడే, ఆదివారం, కిస్వార్‌పంపాలో మెలితోన్ కోయో ఇంటికి కప్పు వేస్తున్నారు. కబురు ఎప్పుడో వచ్చింది.

నికాసియో చిన్న కూతురికి మెలితోన్ జ్ఞానతండ్రి, బాప్తిస్మంలో తండ్రిగా నిలబడినవాడు. ఆ వరసన ఇద్దరూ ఒకరినొకరు "కుంపా" అని పిలుచుకుంటారు. మా దగ్గర అది అన్నదమ్ముల పిలుపుకన్నా బరువైన పిలుపు. కుస్కో కొండవాలులో నికాసియో ఇల్లు కట్టుకున్నప్పుడు మెలితోన్ భార్యను వెంటబెట్టుకుని దిగివచ్చి, చివరి పెంకు పడేదాకా ఊరి ముఖం చూడలేదు. దూలం కింద పడి వేలి గోరు ఊడిపోతే గుడ్డ చుట్టుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. ఇలాంటి పనికి కూలి ఉండదు. దీన్ని మేం అయ్ని అంటాం, బదులు పని. నా ఇంటికి నువ్వొచ్చావు, నీ ఇంటికి నేనొస్తాను. చేత్తో చేసినదాన్ని చేత్తోనే తీర్చాలి.

అంతకుమించిన మాట కూడా ఒకటి ఉంది. కప్పు పూర్తయ్యాక దాని పైఅంచున, కొప్పు మీద, సిలువనూ, మట్టితో చేసిన ఎడ్ల జతనూ నిలబెడతారు. ఆ ఎడ్లను తెచ్చి పెట్టే మనిషి ఆ ఇంటికి జీవితాంతం పెద్ద. మెలితోన్ ఆ పని నికాసియోను అడిగాడు. నికాసియో నలుగురి ముందూ ఒప్పుకున్నాడు.

తేదీ మార్చమని అంపారోను అడిగితే సరిపోయేది. కానీ ఊళ్ళో పెంకులు మోయాలి, మట్టి తొక్కాలి అని ఆమెతో ఎలా చెప్పడం? ఆమె ఎదుట అతనెప్పుడూ బూట్లు తుడుచుకుని వచ్చే కుస్కో మనిషి. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే ఒక తెలివి పుట్టింది. బజారు మూల కూలికోసం నిలబడేవాళ్ళలో రోసెందో అనే గట్టి మనిషిని మాట్లాడుకున్నాడు. ఎడ్లను కొని పాత పేపర్లో చుట్టి, రెండు పెట్టెల బీరుతో సహా అతన్ని ఊరికి పంపాడు. మనిషికి మనిషి, అనుకున్నాడు. తర్వాత బడి గది ఖాళీ లేదని అంపారోకు చెప్పి యాత్ర దారి మార్చేశాడు. రాత్రి పడక కనుమ దగ్గరి గొర్రెల కాపరుల గుడిసెల్లో. ఆదివారం పొద్దున శిథిలాలు చూసి, ఊళ్ళోకి దిగకుండా పైదారినే తిరిగిరావడం.

వచ్చినవాళ్ళు అరెకీపా నుంచి రిటైరైన స్కూలు టీచర్లు. హుషారైన గుంపు. సుంతుర్‌పాటా గోడల దగ్గర నికాసియో తన మంచి ప్రసంగం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పాడో, అరిగి నున్నబడ్డ ప్రసంగం.

"ఈ రాళ్ళు మోసింది భయపడి కాదు. ఒకరి పొలానికి ఒకరు, ఒకరి ఇంటికి ఒకరు. ఇచ్చిపుచ్చుకోవడం. అదే అయ్ని."

"ఇప్పుడూ చేస్తారా బాబూ, లేక పుస్తకాల్లోనేనా?" అని ఒఫీలియా టీచర్ అడిగింది.

"ఇప్పుడూ చేస్తాం టీచర్. అది మా రక్తంలో ఉంది."

సరిగ్గా అప్పుడే కింద నుంచి డప్పు, పిల్లనగ్రోవి వినబడ్డాయి. అందరూ అంచుకు వెళ్ళి తొంగిచూశారు. కింద ఒక ఇంటి మీద జనం, నిచ్చెనల మీద జనం, వరసలో చేతులు మారుతున్న పెంకులు.

"అదేంటి?" అన్నది అంపారో.

"కప్పు వేస్తున్నారు దోన్యా."

"ఇంతసేపు మాటలు చెప్పి, ఎదురుగా జరుగుతుంటే చూపించకుండా పోతావా? పైసా ఖర్చులేని పని! పద దిగుదాం."

"దారి బాగా నిటారండీ. వీళ్ళకి కష్టం."

"ముప్ఫై ఏళ్ళు పిల్లకాయలతో వేగినవాళ్ళం. ఈ దిగుడొక లెక్కా? నడు, నడు" అన్నది ఒఫీలియా.

నికాసియో ముందు నడిచాడు. గైడు ముందే నడవాలి.

వాళ్ళు పెరట్లో అడుగుపెట్టగానే కప్పు మీద కూర్చున్న సబీనో తాత చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఊళ్ళో ఏ కప్పు మీదైనా ఆయన ఉండాల్సిందే, నోరూ ఉండాల్సిందే.

"ఒరే, టూరిస్టులొచ్చారు! అందులో ఒకడు అచ్చం మన నికాసియోలా ఉన్నాడే!"

"నికాసియో ఎలా అవుతాడు తాతా? నికాసియో పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నాడుగా!" అని కింద మట్టి తొక్కుతున్నవాడు అరిచాడు.

"అవునవును, మర్చిపోయా. ఏరా నికాసియో! మట్టి పైకి పంపు!"

"పంపుతున్నా తాతా!" అంటూ రోసెందో తట్ట ఎత్తాడు. పెరడంతా నవ్వింది. ఊరి భాష రాని అంపారో, టీచర్లు మాత్రం కప్పు వైపే చూస్తున్నారు. రోసెందో తట్ట అందించి, నుదురు తుడుచుకుంటూ సంబరంగా దగ్గరికొచ్చాడు.

"మంచోళ్ళు సార్ వీళ్ళు. నన్ను మీ పేరు పెట్టే పిలుస్తున్నారు. పొద్దున తిండి కూడా మీ చోట్లోనే కూర్చోబెట్టి పెట్టారు."

నికాసియో కోటు విప్పాడు. నిచ్చెన కాడికి నడిచాడు. పై మెట్టు మీంచి మెలితోన్ దిగుతున్నాడు, మోచేతుల దాకా మట్టి.

"కుంపా, నేనూ ఎక్కుతాను."

"ఎందుకు? మనిషిని పంపావుగా. మంచి పనివాడు, వంక పెట్టడానికి లేదు." మెలితోన్ గొంతులో కోపం లేదు. "ఒక మనిషికి ఒక మనిషి. సరిపోయింది. మన మధ్య ఇంక బాకీ లేదు."

మా కొండల్లో ఇంతకన్నా గట్టి మాట లేదు. బాకీ ఉన్నంతకాలమే ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి నడుస్తారు. తీరిపోయిందంటే దారిలో గడ్డి మొలుస్తుంది.

మెలితోన్ భార్య బసీలియా బల్ల మీద పోంచో కంబళి పరిచింది. అతిథుల కోసం పరిచేది అది. టీచర్లను కూర్చోబెట్టి, నికాసియో వైపు తిరిగింది. "మీరూ కూర్చోండి అయ్యా, నడిచొచ్చారు" అంటూ మొక్కజొన్న కల్లు గ్లాసు అందించింది. కుస్కోలో అతని వంటింట్లో దూరి, "నీ మొహానికి ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు" అని దెప్పిన మనిషి ఆమె.

డప్పు జోరందుకుంది. సబీనో తాత తాను తెచ్చిన ఎడ్ల జతను చంకన పెట్టుకుని కొప్పు దగ్గరికి పాకుతున్నాడు.

"ఏం చేస్తున్నారో చెప్పు మరి" అన్నది అంపారో.

నికాసియో లేచి నిలబడ్డాడు. "ఎడ్లను కొప్పు మీద పెడతారు. ఇంటికి మంచి జరగాలని."

"ఆ పెద్దాయన ఈ ఇంటివాళ్ళ నాన్నా?" అని ఒఫీలియా అడిగింది.

"కాదు టీచర్. ఇంటివాళ్ళు బాగా నమ్మిన మనిషికి ఇస్తారు ఆ పని."

"ఎంత గౌరవం! అలాంటివాడు ఒక్కడు దొరికినా చాలు కదూ?"

"అవునండీ."

మెలితోన్ ఇవతలే చేతులు కడుక్కుంటున్నాడు. తల తిప్పలేదు.

వెళ్ళేటప్పుడు బసీలియా లోపలికి వెళ్ళి పాత పేపరు పొట్లం తెచ్చింది. చుట్టిన దారం చుట్టినట్టే ఉంది. "ఇవి మిగిలాయి అయ్యా" అని నికాసియో చేతుల్లో పెట్టింది.

"చూశారా, బహుమతి కూడా ఇచ్చారు!" అని ఒఫీలియా మురిసిపోయింది. కనుమ దాకా దారంతా అదే మాట. అంపారో మాత్రం వ్యాను ఎక్కుతూ తీర్పు చెప్పేసింది. "యాత్ర బోర్డు మీద పెట్టేస్తున్నాను. కప్పు పనులు ఎప్పుడెప్పుడో కనుక్కో, వాటిని బట్టే తేదీలు వేద్దాం." రోసెందో వెనక సీట్లో నిద్రపోతున్నాడు. నికాసియో పొట్లం ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

యాత్ర బాగానే నడిచింది. గుంపులు వచ్చాయి. దారిలో మెలితోన్ ఎదురైతే టోపీ కొంచెం ఎత్తి, "నమస్కారం" అనేవాడు. ఏ గైడుకైనా ఊరివాళ్ళు పెట్టే నమస్కారమే. నికాసియో చిన్న కూతురు తన పుట్టినరోజున, "జ్ఞానతండ్రి ఈసారి రాడా నాన్నా?" అని అడిగింది. పనుండి ఉంటుందన్నాడు.

అక్టోబరులో బంగాళాదుంప విత్తే రోజులొచ్చాయి. నికాసియో ఆఫీసుకు వెళ్ళి నిలబడి, ఈసారి తిన్నగా చెప్పాడు.

"దోన్యా, ఊళ్ళో విత్తనాలేస్తున్నారు. నేను వెళ్ళాలి. ఈ వారం నడవను."

అంపారో తలెత్తలేదు. "వెళ్ళిరా. ముందే చెప్పావు, ఇంకేం? ఇంకొకణ్ణి చూస్తాను."

అంతే. ఆగస్టులోనూ ఇంతే అయ్యుండేది. ఆ సంగతి మెట్లు దిగుతుండగా అతనికి అర్థమైంది. 

మెలితోన్ పొలానికి పిలవకుండానే వెళ్ళాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. మగవాళ్ళు వరసలో నిలబడి గునపంలాంటి నాగలిని కాలితో నొక్కి మట్టి తిరగేస్తున్నారు, ఆడవాళ్ళు దుంపలు వేస్తున్నారు. నికాసియో వరస చివర నిలబడి నాగలి అందుకున్నాడు. అరచేతులు పొక్కాయి. భోజనం దగ్గర అతని ముందు కూడా గిన్నె పెట్టారు. అతని పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. సబీనో తాత కూడా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

పొద్దువాలింది. మిగిలినవాళ్ళు మాటలాడుకుంటూ ఇళ్ళకు మళ్ళారు. వాళ్ళకు మెలితోన్ ఏమీ ఇవ్వలేదు. రేపో ఎల్లుండో వాళ్ళ పొలాల్లో అతను ఉంటాడు. నికాసియో దగ్గరికి మాత్రం మెలితోన్ వచ్చి జేబులోంచి డబ్బు తీశాడు.

"ఇదేంటి కుంపా?"

"రోజు కూలి. నువ్వు పంపిన మనిషిని అడిగాను, నువ్వెంత ఇచ్చావని. అంతే ఇస్తున్నా."

"నాకొద్దు. నేను కూలికి రాలేదు."

"వద్దంటే రేపు రావొద్దు." మెలితోన్ నోట్లు పట్టుకునే నిలబడ్డాడు. "ఊరికే చేయించుకుంటే నేను నీకు బాకీ పడతాను. నీకు నేను బాకీ పడను."

"తీసుకుంటే?"

మెలితోన్ పొలం వైపు చూశాడు. సగం ఇంకా మిగిలే ఉంది.

"తీసుకుంటే రేపు కూడా పనుంది."

చూసేవాళ్ళు ఇంకా దారి మీదే ఉన్నారు. బసీలియా గంప నెత్తికెత్తుకుంటూ ఆగింది. నికాసియో అరచేయి చొక్కాకు తుడుచుకుని, చాచాడు.